నోంగ్ దులో ఎక్కని బండి

పదిమంది కలిసి ఆడాల్సిన ఇంటర్నెట్ ఆటల్లో, పదిమంది కాదు కదా ఒక్కడు కూడా రాని ఆటల్ని వెతికి పట్టుకుని, వాటిలోకి ఒంటరిగా దూరి, నాలుగు మూలలూ తిరిగి, బయటికొచ్చి వాటిని ఏకిపారెయ్యడం. ఇదీ నోంగ్ దులో జబ్బు. పెద్దవాళ్ళలో మగవాళ్ళని నోంగ్ అనీ, ఆడవాళ్ళని నాంగ్ అనీ పిలుస్తాం మేం. అరవై ఆరేళ్ళ మనిషికి ఇంతకంటే మర్యాదైన జబ్బులు బోలెడున్నాయి. పోనీ కోడిపందేలైనా ఆడుకోరాదూ అని వాళ్ళావిడ నాంగ్ ఒర్సింగ్ బతిమాలింది కూడా. ఆయన వింటేనా!

ఆటకి జనం ఉన్నారని తెలిస్తే చాలు, ఆయనకి మొహం మొత్తేది. ఊరూవాడా ఎగబడి ఆడే ఆటొకటి మా కంప్యూటర్ షాపులో పిల్లలు ఉత్సాహంగా చూపించారు.

"ఎంతమందున్నారు?" అన్నాడు.

"మూడు లక్షల మంది, నోంగ్!"

"నిండిన బండితో నాకేం పని?" అని లేచిపోయాడు.

బండి మాట ఊరికే రాలేదు. ఫిలిప్పీన్స్‌లో, ఇలోయిలోలో మా హారో టెర్మినల్లో ముప్పై ఒక్క ఏళ్ళు జీప్నీలు, అంటే జనం ఎక్కే పొడుగు జీపులు, నింపిన మనిషి. డ్రైవరు కాదు, కండక్టరూ కాదు, పిలిచేవాడు. "ఇంకొక్కరు! ఇంకొక్కరు! కదిలిపోతోంది!" అని రోడ్డున పోయేవాళ్ళని కేకలేసి ఎక్కించి, బండి నిండాక పక్కరేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసేవాడు. ఆ రెండు దెబ్బలూ పడితేగాని డ్రైవరు బండి కదిలించేవాడు కాదు. ఆయన "ఇంకొక్కరు" అన్నాడంటే ఇంకా ఐదుగురు ఎక్కాలనీ, ఐదోవాడు వెనక వేలాడాలనీ మా వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు.

పని మానేశాక గొంతు ఊరుకుంది గాని కళ్ళు ఊరుకోలేదు. ఖాళీ కుర్చీ కనబడితే ఆయనకి ఒంటి మీద జెర్రులు పాకేవి. మేనకోడలి పెళ్ళిలో చర్చిలో వెనక మూడు వరసలు ఖాళీగా ఉన్నాయని బయటికెళ్ళి, ఐస్‌క్రీం బండివాణ్ణీ, ఇద్దరు పోలీసుల్నీ, పక్క మైదానంలో ఆడుకుంటున్న బాస్కెట్‌బాల్ జట్టునీ లోపలికి తోలుకొచ్చాడు. పెళ్ళి ఫోటోల్లో ఇప్పటికీ పెళ్ళికొడుకు భుజం వెనక ఏడో నంబరు బనియన్ ఒకటి కనబడుతుంది. విందులో ఆ జట్టు రెండు పందుల్ని ఎముకలతో సహా ఖాళీ చేసింది.

మా షాపుకి వచ్చిందీ అందుకే. షాపు మా పిన్ని తియా లుమెన్‌ది. ఎనిమిది కంప్యూటర్లు. పొద్దున పూట పిల్లలు బడిలో ఉంటారు కనక కుర్చీలన్నీ బోసిగా ఉండేవి. రోడ్డు మీంచి అది చూసి తట్టుకోలేక ఒకరోజు లోపలికొచ్చి కూర్చున్నాడు. ఊరికే ఎందుకని మౌస్ పట్టుకోవడం నేర్పించాను. ఆయన తెరిచిన మొదటి ఆటలో 'ఆడుతున్నవారు: సున్నా' అని ఉంది.

"ఒక్కడూ లేడా? ఎందుకు లేడు?" అన్నాడు. అంతే. ఆ ప్రశ్న పట్టుకుని నాలుగేళ్ళు వేలాడాడు.

వారానికొక ఆట. ఆడడం, రెండు వేళ్ళతో టైపు కొట్టి దాని అంతు తేల్చడం. 'ఖాళీ బండి' అని ఇంటర్నెట్లో ఒక పేజీ పెట్టుకున్నాడు. చదివేవాళ్ళు నలభై మంది ఉంటారు, అందులో సగం మంది తిట్లు తిన్నవాళ్ళే. ప్రతి సమీక్షా ఒక్క మాటతో మొదలయ్యేది: ఎక్కను.

"ఎక్కను. ఈ ఆటలో పన్నెండు రాజ్యాలు, జనాభా నేను. మొదటి రోజే పన్నెండు కిరీటాలూ నావే అయ్యాయి, నెత్తి మాత్రం ఒకటే ఉంది. యుద్ధం ప్రకటిద్దామంటే శత్రువు లేడు. నా మీద నేనే ప్రకటించుకుని, సంధి కూడా చేసుకుని, భోజనానికి ఇంటికెళ్ళాను."

"ఎక్కను. గుమ్మంలోనే పేరు, ఊరు, పుట్టిన తేదీ, అమ్మ పుట్టింటి పేరు అడిగాడు. ఇన్ని వివరాలు నా పెళ్ళిచూపుల్లో కూడా అడగలేదు. తీరా లోపలికెళ్తే పలకరించే దిక్కు లేదు."

ఇవన్నీ గట్టిగా చదివి కడుపు చెక్కలయ్యేలా నవ్వినవాణ్ణి నేను. నా వంతు వచ్చేదాకా నవ్వాను.

నేను ఎల్మార్‌ని. మూడేళ్ళు కష్టపడి ఒక ఆట తయారుచేశాను. మొదట్లో తోడున్న ఇద్దరు స్నేహితులూ మధ్యలో ఉద్యోగాలు చూసుకుని మనీలా వెళ్ళిపోయారు, నేను మిగిలాను. నా ఆట జీప్నీ. ఎనిమిది మంది ఎక్కాలి. ఒకరు నడుపుతారు, మిగతా ఏడుగురూ మలుపు వచ్చినప్పుడల్లా ఒక్కసారిగా ఎడమకో కుడికో ఒరగాలి. ఒరగకపోతే బండి కాలవలో పడుతుంది. మన జీప్నీ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉండాలని పంతం పట్టాను. హారన్ నిజం, వీధికుక్కలు నిజం, అద్దానికి వేలాడే మేరీమాత బొమ్మ నిజం. నిజం మరీ ఎక్కువై, టెర్మినల్లో బండి నిండితేగాని కదలకుండా కూడా చేశాను.

ఆట విడుదలైంది. ఒకడొచ్చాడు. బండిలో కూర్చున్నాడు. మిగతా ఏడుగురి కోసం పది నిమిషాలు చూసి దిగిపోయాడు. వాడు దిగాక ఇంకొకడొచ్చాడు. వాడూ పది నిమిషాలు చూశాడు. అలా మొదటి నెలలో రెండు వందల మంది వచ్చారు, బండి మాత్రం ఒక్కసారి కూడా కదల్లేదు. ఇలాంటి తప్పు చెయ్యాలంటే ఇలోయిలోలోనే పుట్టాలి.

ఆ నెలాఖరున నోంగ్ దులో రాశాడు:

"ఎక్కను. బండి పెట్టాడు, డ్రైవర్ని పెట్టాడు, కుక్కల్ని కూడా పెట్టాడు. పిలిచేవాణ్ణి పెట్టలేదు. హారో వీధుల్లో పెరిగిన కుర్రాడు ముప్పై ఒక్క ఏళ్ళు నేను అక్కడ గొంతు చించుకుంటే విన్నాడు గాని, నన్ను చూడలేదన్నమాట. ఇంకా ఇరవై రెండు తప్పులున్నాయి. వరసగా చెప్తాను."

చెప్పాడు కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు. దారిలో ఎదురైతే సందులోకి తిరిగిపోయేవాణ్ణి. ఆ సందులో మా షాపు తప్ప ఏమీ లేదు, ఆయన వచ్చేదీ అక్కడికే. అందుకని ఒక అచ్చాఫీసులో పనికి కుదిరి, పొద్దున పూట అక్కడికి వెళ్ళిపోయి, ఆయన ఇంటికెళ్ళాకే షాపుకి వచ్చేవాణ్ణి.

ఒక్కటే ఊరట. ఆయన తిట్టిన వారం తర్వాత నుంచి నా ఆటకి ఏడుగురు అభిమానులు దొరికారు. బడోయ్, కోరింగ్, ఇంకో ఐదుగురు. రోజూ పొద్దున తొమ్మిదికి ఠంచనుగా వచ్చి పదకొండుదాకా బండిలో కూర్చునేవారు. ఎనిమిదోవాడు తగిలితే బండి కదిలేది. ఆట మాత్రం ఘోరంగా ఆడేవారు. ఆ బడోయ్ అయితే మలుపు ఎటున్నా ఎడమకే ఒరిగేవాడు. అయినా నాకు వాళ్ళంటే ప్రాణం. ఆట మూసేద్దామనుకున్నప్పుడల్లా ఆ ఏడుగురి మొహాలు ఊహించుకుని ఆగిపోయేవాణ్ణి. ఏడుగురూ ఒకే చోటి నుంచి వస్తున్నారని కనిపెట్టే తెలివే ఉంటే నా ఆట అలా ఎందుకు ఏడుస్తుంది?

పిన్ని అప్పటికీ చెప్పింది. "ఒరే, ఆ ముసలాయన రోజూ షాపంతా పరిగెడుతున్నాడ్రా. డాక్టరు నడవమన్నాడో ఏమో. పైగా నా చెప్పులు తీసుకుంటున్నాడు."

"ఆడుకోనీ పిన్నీ, నాకెందుకు?" అన్నాను. ఎంత మొద్దునో చూడండి.

చివరికి నా ఓపికా అయిపోయింది. ఏడుగురి కోసం ఎన్నాళ్ళని నడపను? మనీలాలో స్నేహితులు రమ్మంటున్నారు. శుక్రవారం అచ్చాఫీసులో సెలవు పెట్టి, ఆట మూసేసి, ఆ ఏడుగురికీ మర్యాదగా వీడ్కోలు చెప్పి, సోమవారం ఓడ ఎక్కుదామని నిర్ణయించుకున్నాను. తొమ్మిదిన్నరకి షాపుకి వెళ్ళాను.

గుమ్మంలోనే ఆగిపోయాను. ఎనిమిదో కంప్యూటర్లో పిన్ని సీరియల్ చూసుకుంటోంది. మిగతా ఏడింట్లోనూ నా జీప్నీ. వాటి ముందు నోంగ్ దులో, వట్టికాళ్ళతో, చెమటలు కక్కుతూ, ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెడుతున్నాడు. "ఎడమ! ఎడమ! కోరింగ్, ఎడమ!" అని అరుస్తూ మీటలు నొక్కుతున్నాడు. అందని రెండు మీటల మీద పిన్ని చెప్పులు పెట్టాడు. బడోయ్ ఎడమ మీట మీద బాచోయ్ సూప్ తాగిన గిన్నె బోర్లించి ఉంది.

బండి కాలవలో పడింది. ఎక్కడో బకోలోద్ నుంచి 'ఎండుచేప' అనే పేరుతో ఆడుతున్న డ్రైవరమ్మ రాసింది: "అయ్యో, తప్పు నాదే. కొత్తదాన్ని. క్షమించండి."

నోంగ్ దులో ఒక కంప్యూటర్లో "పరవాలేదమ్మా" అని కొట్టి, రెండోదాని దగ్గరికి గెంతి "మొదట్లో అందరూ పడేస్తారు" అని కొట్టి, మూడోదానికి పరిగెత్తి "నా బుట్టలో గుడ్లన్నీ పగిలాయి, చూసుకుని నడుపు!" అని కొట్టాడు.

"పాపం ఆవిడని తిడతావేం నోంగ్?" అన్నాను, ఉండబట్టలేక.

"ఏడుగురూ ఒకేలా మెచ్చుకుంటే అనుమానం రాదూ? ఒక్కడైనా తిట్టాలి" అని, అప్పుడు నన్ను చూశాడు. గబుక్కున ఒక చెప్పు తీసి వెనక దాచుకున్నాడు. "నేను ఎక్కలేదు."

"ఏడుసార్లు ఎక్కావు!"

"ఎక్కడం వేరు, కూర్చోడం వేరు. ఖాళీ బండి ఎవడూ ఎక్కడ్రా. ఏడుగురున్న బండికి ఎనిమిదోవాడు పరిగెత్తుకొస్తాడు. టెర్మినల్లో నేనూ, బడోయ్, కోరింగ్ అలా ఖాళీ బండిలో కూర్చునేవాళ్ళం. జనం ఒక్కొక్కరే ఎక్కుతుంటే మేం ఒక్కొక్కరమే దిగేవాళ్ళం. ఎవరికీ తెలిసేది కాదు."

"మరి అంత ఘోరంగా రాశావెందుకు?"

"ఘోరంగా ఉంది కనక."

"ఘోరంగా ఉంటే కూర్చోడం ఎందుకు?"

నావైపు జాలిగా చూశాడు. "ఆటని తిట్టాను గాని, ఖాళీగా పొమ్మన్నానట్రా? పిలిచేవాణ్ణి పెట్టమంటే నువ్వు పెట్టవు, నాతో మాట్లాడవు. ఏం చెయ్యను, నేనే ఆ పని చేశాను."

ఆయన రాసిన ఆ తిట్లు అవమానం కాదు, ప్రేమే. కాని ఆ సమయంలో చేతిలో పిన్ని చెప్పుతో నిలబడ్డ మనిషిని చూస్తూ ఏడవడం ఎవరివల్లా కాదు. నవ్వొచ్చేసింది.

"తక్కువమందితో కదిలేలా మార్చెయ్యనా? నలుగురు చాలనిపించనా?" అన్నాను.

"ఛీ! నలుగురితో కదిలితే అది జీప్నీ ఎలా అవుతుంది, టాక్సీ అవుతుంది. ఎనిమిది మందే ఉండాలి. నువ్వు ఆ పిలిచేవాడి సంగతి చూడు ముందు" అని గడియారం చూసుకుని కంగారుపడ్డాడు. "పదకొండుకి ఆ పన్నెండు రాజ్యాలకి వెళ్ళాలి. ఫిన్లాండ్ నుంచి ఒక పెద్దావిడ వస్తుంది. ఆవిడా నేనూ మాత్రమే ఉంటాం. పోనీలే పాపం అని ఆరు రాజ్యాలిచ్చాను."

సోమవారం ఓడ నన్ను వదిలేసి వెళ్ళింది. ఇరవై రెండు తప్పులూ వరసగా దిద్దాను. ఇరవై మూడోది అన్నిటికంటే ముందు దిద్దాను. టెర్మినల్లో పిలిచేవాణ్ణి పెట్టాను, నోంగ్ దులో గొంతుతోనే. ఒక్కడు ఆట తెరిచినా, ఆట దించుకున్న ఊళ్ళోవాళ్ళ ఫోన్లన్నిట్లో "ఇంకొక్కరు! కదిలిపోతోంది!" అని కేక వినబడేది. మొదటి వారం నాంగ్ ఒర్సింగ్ ఆ కేక విని, మొగుడు ఇంట్లోనే ఉన్నాడని మరిచిపోయి వీధిలోకి వెళ్ళి చూసింది.

ఎండుచేప తన అక్కచెల్లెళ్ళని తెచ్చింది. వాళ్ళు మరిదుల్ని తెచ్చారు. ఒక్కొక్కరే ఎక్కుతుంటే నోంగ్ దులో చెప్పులు తీసేసి, ఒక్కొక్క సీటూ ఖాళీ చేస్తూ వచ్చాడు. అక్టోబరులో ఒక పొద్దున ఆయన కూర్చున్నది ఒక్క సీటే, బడోయ్‌ది. దవావో నుంచి ఎవరో కొత్తవాడు వచ్చి చోటుందా అని అడిగాడు. నోంగ్ దులో గిన్నె తీసి, దిగిపోయి, లేచి నిలబడి, కంప్యూటర్ పక్కన అరచేత్తో ఠపఠపా రెండు దెబ్బలు వేశాడు.

"నా కంప్యూటర్ పగిలిపోతుంది!" అని పిన్ని అరిచింది.

బండి కదిలింది. కుడి మలుపులో ఏడుగురూ కుడికే ఒరిగారు. ఆయన అది మలుపు తిరిగేదాకా చూసి, పిన్ని చెప్పులు తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారం 'ఖాళీ బండి'లో నా ఆట మీద రెండోసారి సమీక్ష వచ్చింది. ఆయన రాసినవాటిలో అదే అన్నిటికంటే చిన్నది. ఇప్పటికీ చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను:

"ఎక్కను. చోటు లేదు."