రషీద్ చాచా చెవి, నా ల్యాప్‌టాప్

2023 ఎండకాలం. నిజామాబాద్‌ల బోధన్ రోడ్డు మీదున్న నా కార్ల రిపేరు షెడ్డుకు, బోధన్‌ల ఉండే రషీద్ చాచా తన పాత కారు తెచ్చిండు. ఆడి చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజులల్ల పాన్ కాడ పనిచేసిన మనిషి. పాన్ అంటే చెరుకు పాకం ఉడికి చక్కెర గింజ కట్టే పెద్ద ఇనుప పాత్ర.

కారు కథ గిట్లుంది. అసలు ఇంజన్ పోతే ఎవరో మెకానిక్ పెద్ద ఇంజన్ తెచ్చి ఎక్కించిండు, ఇంజన్‌కు ఎంత పెట్రోల్ పోవాల్నో చెప్పే కంప్యూటర్ మాత్రం పాతదే ఉంచిండు. బరువు పడ్డప్పుడు పెట్రోల్ చాలక బండి ఆగిపోతది. ఆయన భార్యను, మా చాచిని, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు నిజామాబాద్ తేవాలె. అంతకుముందు వారమే ఎండల, నడిరోడ్డు మీద రెండుసార్లు ఆగిందట.

"మూడోసారి ఆగితే ఆమె తట్టుకోదు బేటా" అన్నడు.

ఫ్యూయల్ కంట్రోలర్ పెట్టాలన్నది ఖాయం. ఏది పెట్టాలన్నదే లొల్లి. పిగ్గీబ్యాక్ అంటే పాత కంప్యూటర్ పక్కన కూసోని, అవసరమున్న కాడ పెట్రోల్ కొంచెం పెంచేది. ఒక్క పూటల బిగిస్తం. స్టాండలోన్ అంటే పాత కంప్యూటర్ పీకేసి మొత్తం కొత్తది పెట్టుడు. బండి పది రోజులు షెడ్డులనే ఉండాలె. నాకు స్టాండలోన్ మీదనే మోజు. దాచుడెందుకు, ఊళ్లె ఎవరూ పెట్టనిది పెట్టిన్నని చెప్పుకోవాలని ఉండె. బండి నిలబెట్టి ల్యాప్‌టాప్ తగిలిస్తే తప్పేం కనవడలేదు. అయినా మొత్తం మార్చుడే నయమన్న.

చాచా ల్యాప్‌టాప్ దిక్కు సూడనే లేదు. నడుపుకుంట చూద్దామన్నడు. పొగగొట్టానికి వైడ్‌బ్యాండ్, అంటే గాలి-పెట్రోల్ పాళ్లు చూపించే మీటర్, బిగించి ఎడపల్లి దిక్కు పోయినం. ఆయన నడుపుతుండు, నేను మీటర్ చూస్తున్న.

"గిప్పుడు" అన్నడు. రెప్ప కొట్టేంతల మీటర్ల పెట్రోల్ తక్కువైనట్టు వచ్చింది. కొంచెం దూరం పోయినంక మళ్ల గదే మాట, మళ్ల గట్లనే. ఆరుసార్లు చెప్పిండు. ఆరుసార్లూ మీటర్ ఆయన వెనుకనే వచ్చింది. ఇన్నేండ్ల పనిల గసోంటిది నేనెన్నడు సూడలేదు. పొగ గొట్టం దాకా వచ్చినంకనే మీటర్‌కు తెలుస్తది, ఆయనకు ఇంజన్ కాడనే తెలిసిపోతుంది. ఎట్ల చాచా అంటే సిగ్గుపడ్డడు. పాన్‌ల గింజ కంటికి కనవడకముందే ఉడుకు చప్పుడు మారుతదట. గది వినుకుంట ముప్పై ఏండ్లు గడిపిండు.

ఆరుసార్లూ ఒక్క తీరుగనే వచ్చింది: మూడో గేరు, యాక్సిలేటర్ సగం తొక్కుడు. మిగిలినదంతా పాత కంప్యూటర్ మంచిగనే చూసుకుంటుంది. గంత చిన్న లోటుకు బండి మొత్తం విప్పుదామనుకున్న నా తెలివికి దండం బెట్టాలె. పది రోజులు బండి ఆపుకుంటే చాచి డయాలసిస్‌కు ఎట్ల వస్తదని కూడా నేను అడగలే. పిగ్గీబ్యాకే పెట్టిన. ఆయన నడుపుకుంట చెప్తుంటే, ఆడాడ పెట్రోల్ పెంచుకుంట పోయిన.

రెండొద్దులకు డయాలసిస్ ఉండె. పొద్దుగాల నేనే బోధన్ పోయి వాళ్లతోని ఎక్కిన. బండి ఎక్కడా దగ్గలేదు. నిజామాబాద్ దగ్గరపడ్డంక వెనుకకు చూస్తే చాచి మంచి నిద్రల ఉంది.

చాచా అద్దంల చూసిండు. "బండి ఆగొద్దని తొవ్వ పొడుగూ దువా చేసుకుంట వచ్చేది. గియ్యాల పండుకుంది" అన్నడు.

గప్పటిసంది, ఏ కంట్రోలర్ పెట్టాలె అని ఎవరొచ్చినా నేను పేర్లు చెప్పుడు బంద్ జేసిన. బండిల ఎవరు కూసుంటరని ముందుగాల అడుగుత.