ఖాళీ ఇంట్లో కాచుకున్న పేలు

"కాంపౌండర్ అన్న లేడమ్మా ఇంగ." పోయిన మంగళవారం పొద్దున మా నాయన గేటు దగ్గరే నిలబడి చెప్పాడు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరై, ఊరిగాంలో మా వీధి చివర ఒంటరిగా ఉండిన, నేను మామా అని పిలిచే ఆయన నిద్రలోనే పోయారు.

బంగారు గనులు మూతపడి ఇన్నేళ్ళయినా, ఇక్కడ ఏ జబ్బొచ్చినా మేం బంగారం తీసి పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల దుమ్మునే తిడతాం. ఒక ఏడు మా పిల్లికి నడుం మీద బొచ్చు ఊడి, గోక్కొని గోక్కొని పుండ్లు పడినప్పుడూ అదే అన్నాం. నా కూతురేమో దాన్ని పక్కలో వేసుకోనిదే నిద్రపోదు. నాయన గోనెసంచి తీశాడు.

"దుమ్ము పట్టినాది దీనికి. బిడ్డకు అంటుకుంటే ఏం చేస్తావు? దిబ్బల అవతల విడిచిపెట్టి వస్తా."

నేను పరుగున వెళ్ళి మామను పిలుచుకొచ్చాను. ఆయన పిల్లిని సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడిగుడ్డ మీద వేశారు. మేం చూస్తుండగానే వాటి చుట్టూ ఎర్రగా ఊరింది.

"దుమ్మైతే తడిపినా దుమ్మేనప్పా. ఇది దీని నెత్తురే. ఎగిరే పేలు తాగి విడిచినాయి. ఆ కాటు దీని ఒంటికి పడదు. ఒకటి కుట్టినా ఇట్ల అయిపోతాది."

నాయన గొప్పగా బంగారుపేట నుంచి తెచ్చిన కుక్కల పేలమందు పొడి చూపించాడు. మామ డబ్బా లాక్కున్నారు. "కుక్కకు మందే, పిల్లికి విషం. ఇది చల్లింటే పిల్లి దక్కేది కాదు."

పక్కిల్లు ఖాళీ అయి నెలలైంది. మా పిల్లి పగిలిన కిటికీలోంచి అందులోకి వెళ్ళి పడుకునేది. మామ తెల్లమేజోళ్ళు తొడుక్కొని, తలుపు తట్టి, కాసేపు ఆగి లోపలికి వెళ్ళారు.

"ఎవరుండారని తట్టినారు మామా?"

"ఎవురూ లేరు. అయినా ఉండినోళ్ళ ఇల్లు కదమ్మా."

నాలుగడుగులు వేసి వచ్చేసరికి మేజోళ్ళు చీలమండల దాకా పేలతో నల్లగా కదులుతున్నాయి.

"పట్టుపురుగు మాదిరి గూట్లో ముడుచుకోని ఉంటాయమ్మా, నెలల తరబడి. నేల అదిరితే ఎవురో వచ్చినారని లేస్తాయి."

ఆ తరువాత చాలా రోజులు ఆ ఇంటి ముందు మెల్లగా నడిచాను.

పశువుల డాక్టరు దురదకు సూది వేశారు. నాలుక అందని మెడ వెనుక నెలనెలా పిల్లుల మందు చుక్కలు వేసింది మామే. రెండిళ్ళూ మూలమూలలా ఊడ్పించి, పక్కబట్టలు వేణ్నీళ్ళలో ఉతికించారు. మామిడి కాయలు దిగేనాటికి బొచ్చు మొలిచింది. ఆయన రాకుంటే ఆ సంచి మూతి కట్టేసేవాళ్ళమే.

మామను మట్టి చేసి వచ్చిన సాయంత్రం, ఆయన ఇంటికి వచ్చే పిల్లులకు పాలు తీసుకెళ్ళాను. ఏడెనిమిది ఉన్నాయి, మాదీ మెట్టు మీద ఉంది. ఒక్కటీ నా వైపు చూడలేదు. అన్నీ తాళం వేసిన తలుపునే చూస్తున్నాయి. కాసేపటికి వాటి తలలు ఒక్కసారిగా, నెమ్మదిగా, తలుపు నుంచి మెట్ల వైపు తిరిగాయి. మా పిల్లి లేచి దారిచ్చింది.

పాలగిన్నె పట్టుకొని నేనూ పక్కకు జరిగాను.