పుక్కిట నీళ్లు

నా చిన్నప్పుడు మా నాయన గొంతుకు అనంతపురం జిల్లా చాలేది కాదు. కపిలతో బావినీళ్లు తోడుతూ ఆయన ఎద్దులను అదిలిస్తే పక్క ఊరి ఎద్దులు కూడా లేచి నడిచేవి. గాలి అటు తిరిగిన రోజు ఆయన తుమ్మితే లేపాక్షి నంది చెవులు రిక్కిస్తుందని మా ఊళ్లో సగంమంది నమ్మేవాళ్లు. మిగతా సగంమందికి ఆ గొంతు వల్లే చెవుడొచ్చింది కాబట్టి వాళ్లను అడిగి లాభం లేదు.

ఆ గొంతులో ఒక చిన్న ముక్క నాకూ వచ్చింది. చెడుగుడులో నాది పొడుగు కూత. ఒక వానకూ ఇంకో వానకూ నడుమ ఎంత కాలముంటుందో మా సీమవాళ్లకు తెలుసు. ఇంచుమించు అంత పొడుగు. కానీ పందెం రోజు నాయన బరి పక్కన నిలబడితే అంతా తలకిందులయ్యేది.

"ఒరే, యాడ చూస్తాండావురా, కాలు, కాలు" అని ఆయన కేక వేసేవాడు. మా ఇంట్లో నాయన పిలిస్తే పలకకపోవడం లేదు. నోట్లో ముద్ద ఉన్నా, నిద్రలో ఉన్నా "ఆ నాయనా" అనాల్సిందే. ఎదుటి జట్టు నడుమ చెడుగుడు చెడుగుడు అంటూ నేను అక్కడా "ఆ నాయనా" అనేవాణ్ని. కూత తెగేది. వరుసగా రెండు పందేలు అట్లాగే పోయినాయి.

మూడోది బుక్కరాయసముద్రం చెరువులో. నీళ్లు లేని ఏడాది అది. అంత మంచి మైదానం జిల్లాలో ఇంకోటి లేదు. ఈసారీ పలికితే వీణ్ని తీసేద్దామని మా జట్టు పిల్లలు అనుకున్నారు. 

మా డ్రిల్లు సారు సాయిబు నన్ను ఒక్క మాట అనలేదు. నాయనను రావద్దనీ అనలేదు. నాయన చేతిలో చెంబెడు నీళ్లు పెట్టి, తీర్పు చెప్పే జడ్జిలాగా ముఖం పెట్టినాడు.

"అన్నా, మీవాడు కూతకు పోయినప్పుడు ఈ నీళ్లు పుక్కిట పట్టు. వాడు గీత తాకేదాకా మింగొద్దు. మింగితే వాని ఊపిరి ఆడికే తెగుతుంది."

"ఉమ్మితే?"

"ఈ కరువులోనా?"

నాయన సిగ్గుపడి చెంబు అందుకున్నాడు.

ఆట చివరికి మా వైపు నేనొక్కణ్నే మిగిలినాను. కూతకు పోయినాను. బరి పక్కనుంచి ఏ కేకా లేదు. పందెంలో నా కూత నాకు వినపడడం అదే మొదలు. ఇద్దరు నా కాళ్లు పట్టి పడేసినారు. పాకుతూ తల ఎత్తితే నాయన కనిపించినాడు. బుగ్గలు రెండూ గుమ్మడికాయలు. కాలివేళ్లతో నేలను ఎంత తవ్వినాడంటే, ఇంకొంచెంసేపు ఆడి ఉంటే అక్కడ బావి పడేది. కానీ ఆ కళ్లు. తేలును చేత్తో విసిరేసే మనిషి, నా ఊపిరినంతా తన నోట్లో పెట్టుకున్నట్టు వణుకుతున్నాడు. అంత పెద్ద మనిషి నా కోసం అంత చిన్నగా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. చెయ్యి చాచినాను. గీత తగిలింది.

అప్పుడు ఆయన గుటక వేసినాడు. ఆ తర్వాతైనా అరుస్తాడనుకున్నాను. చెంబులోకి తొంగి చూసి, మెల్లగా అన్నాడు.

"ఇంకో పుక్కెడు ఉండాదిరా. నిమ్మళంగా ఆడు."

ఆ పందెం గెలిచినాం. నీళ్లకు నిజంగా అంత మహిమ ఉందా అని తర్వాత సారును అడిగినాను. "నీ కూతకు ఏ రోగమూ లేదురా. భయం మీ నాయనది. పట్టుకునేందుకు దానికి ఏదో ఒకటి ఇయ్యాల గదా" అన్నాడు.

ఇప్పుడు మా మనవడు ఆడేటప్పుడు నేనూ చెంబుతో పోతాను. పలకరించినవాళ్లకు తల ఊపి ఊరుకుంటే, ముసలాయనకు పొగరెక్కిందంటారు. అననీ. వాడు గీత తాకేదాకా మాత్రం మింగను.