జామకాయ తినే మేనేజరు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఎవరినైనా ఆపి ఏం చేస్తున్నావని అడిగితే ‘కోర్సు’ అనేవాడు. ఏ కోర్సని అడగడం మర్యాద కాదు. నేనూ కోర్సే చేస్తున్నానని తెనాలిలో మావాళ్ళు అనుకునేవారు. నేను చేస్తున్నది నవల. మధురానగర్ హాస్టల్లో, ముగ్గురికని కట్టి అయిదుగురికిచ్చిన గదిలో, పై మంచం మీద ఫ్యానుకు తల తగలకుండా వంగి కూర్చుని రాసేవాణ్ణి. (నా శైలిలో కొంత వంకర ఉందని ఈమధ్య ఒక విమర్శకుడు అన్నాడు. ఫ్యాను సంగతి ఆయనకు తెలియదు.) ఇప్పుడు సభల్లో, నవల రాయడం ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతారు. జీవితం నుంచి అని చెప్పి, మంచినీళ్ళు తాగి, తర్వాతి ప్రశ్నకు వెళ్తాను. నిజానికి నేర్చుకున్నది అమీర్‌పేటలో లిఫ్టు పనిచేయని ఒక భవనం మూడో అంతస్తులోని కోచింగ్ సెంటర్లో.

సెంటరు నడిపే సారు భీమవరం వైపు మనిషి. అప్పట్లో ప్రతి కంపెనీ రెండేళ్ళ అనుభవం అడిగేది. అనుభవం లేనివాళ్ళకు సారు దాన్ని కూడా సమకూర్చేవారు. అంటే, ఎన్నడూ గుమ్మం తొక్కని ఆఫీసులో, ఎన్నడూ చూడని ప్రాజెక్టులో రెండేళ్ళు పనిచేసినట్టు ఒక రెజ్యూమె, దాంతోపాటు ఇంటర్వ్యూలో అప్పజెప్పడానికి ఒక కథ. ఒకరోజు నేను వెనక బెంచీలో నవల రాసుకుంటుంటే నోటుబుక్కు లాక్కుని నిలబడే చదివారు.

“ఏంటండీ ఇది?”

“నవలండి.”

“హీరో ఇరవై పేజీలుగా కిటికీలోంచి చూస్తున్నాడు. ఆయనకి ఉద్యోగం లేదా?”

లేదన్నాను.

“మనకి ఉద్యోగం ఉన్న హీరోలు కావాలండి,” అని ఆ పూటే నన్ను బెంచీ మీంచి లేపి ఆఫీసు గదిలో కథలు రాసే కుర్చీలో కూర్చోబెట్టారు.

నా మొదటి కథలో సర్వరు ఆగిపోయిన సాయంత్రం ఆకాశాన్ని ఒక పేరా వర్ణించాను. సారు దాన్ని అడ్డంగా కొట్టేశారు. “రైటర్ గారూ, ఆకాశం ఏ రంగులో ఉందో ఇంటర్వ్యూలో అడగరండి. మేనేజరు ఏం తిన్నాడో రాయండి. అంత పనికిమాలిన సంగతి ఎవడూ కల్పించడనుకుని నమ్మేస్తారు.” (ఇన్నేళ్ళుగా నవలా శిబిరాల్లో నేను ఈ ముక్కే కాస్త సంస్కృతం కలిపి చెబుతున్నాను.) కిటికీలోంచి చూస్తే కింద జామకాయల బండి కనిపించింది. అలా పుట్టాడు నా మేనేజరు. మీటింగులో పొట్లం విప్పి, జామకాయ ముక్కను ఉప్పుకారంలో అద్దుకుని తింటూ వింటాడు. ఎదుటివాడు తప్పు చెబితే తిట్టడు, నమలడం ఆపుతాడు. సారు రెండుసార్లు చదివారు. “ఈయన కింద నేనూ పనిచేసినట్టే ఉందండీ,” అన్నారు. నా రచన మీద అంత మంచి సమీక్ష మళ్ళీ రాలేదు.

నా కింది మంచం సిద్దిపేట నుంచి వచ్చిన ఒక అన్నది. బీటెక్ అయి మూడేళ్ళుగా ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. దసరాలోపు దొరక్కపోతే ఊరొచ్చి తమ సిమెంటు దుకాణంలో కూర్చోమని వాళ్ళ పెద్దన్న తేల్చి చెప్పాడు. “గా గల్లా ముంగట కూసుంటె ఇగ లేసుడుండదు తమ్మీ. ఒక్క కథ రాసియ్యి, జర గట్టిది,” అన్నాడు. నేనేమో నవల ముగింపులో ఉన్నాను. హీరో కిటికీ మూస్తున్నాడు. తీరిక లేక, కంపెనీ పేరు మార్చి అదే మేనేజర్ని ఇచ్చేశాను. అంతకు ముందే సెంటర్లో మరో ముగ్గురికి కూడా ఆయన్నే ఇచ్చి ఉన్నాను. పండిన పాత్రను పదేపదే వాడుకోవడం పెద్ద రచయితలకే చెల్లుతుందని అప్పుడు తెలియదు.

నలుగురికీ ఒకే రోజు, బేగంపేటలో ఒకే ఆఫీసులో ఇంటర్వ్యూ పడింది. అన్నకు తోడుగా వెళ్ళి ఎదురుగా టీకొట్టులో కూర్చున్నాను. మా మొదటివాడు బయటికొచ్చి, “నీ మేనేజర్ హిట్ భయ్యా, జామకాయ అనంగనే మేడం నవ్వింది,” అన్నాడు. రెండోవాడు, “మేడం నవ్వలే భయ్యా,” అన్నాడు. మూడోవాడు నన్ను అదోలా చూసి, “ఉప్పు ఎక్కువేసుకుంటడా, కారమా అని ఆమెనే అడిగింది,” అన్నాడు. అన్నను ఆపుదామంటే అప్పటికే లోపలున్నాడు, ఫోను గేటు దగ్గర సెక్యూరిటీ చేతిలో ఉంది. మూడేళ్ళ ప్రయత్నాన్ని ఒక జామకాయతో ముగించానని నాకర్థమైంది.

అన్న గంట తర్వాత వచ్చి, నా ముందునుంచే నడిచి వెళ్ళిపోయాడు. వెనకే వెళ్ళాను. పంజాగుట్ట ఫ్లైఓవర్ దాకా అలాగే నడిచాం. అక్కడ ఇరానీ హోటల్లో కూర్చున్నాక నోరు విప్పాడు.

“నేను షురూ జెయ్యకముందే, మీ మేనేజర్ జామకాయలు తింటడు గదా అన్నది.”

“నువ్వేమన్నావన్నా?”

“తింటుండె మేడం, ఇప్పుడు లేడు, పోయిండు అన్న.”

“చంపేశావా?”

“నల్గురికి ఒక్కడే మేనేజరైతె ఎట్ల బతుకుతడు? ఎట్ల పోయిండని సుత అడిగింది. జామకాయ ముక్క గొంతుల ఇరికింది మేడం అన్న. గప్పుడామె పెన్ను కిందబెట్టి, నువ్వు నిజంగ ఏం పని జేసినవో గది చెప్పు అన్నది.”

అన్న చెప్పాడట. దుకాణంలో సిమెంటు దుమ్ముకు కంప్యూటర్ నెలకోసారి ఆగిపోతే తనే విప్పి బాగుచేయడం, చివరికి దుమ్ము దూరకుండా చెక్కపెట్టె చేయించి అందులో దాన్ని కూర్చోబెట్టడం. ఆవిడ అరగంట ఆ పెట్టె గురించే అడిగిందట. “అనుభవం లేనోడి లెక్కనే తీసుకుంటమన్నది తమ్మీ,” అని చాయ్ పూర్తిచేశాడు. నేను సంతోషించాను. కొంచెం బాధ కూడా పడ్డాను. నా వాక్యం మీద సిమెంటు దుమ్ము గెలిచింది. మిగతా ముగ్గురూ నాతో నెల రోజులు మాట్లాడలేదు. అది న్యాయమే.

తర్వాత నేను మూడు నవలలు అచ్చువేయించాను. పాత్రల్లో ప్రాణం లేదని అందరూ ఏకగ్రీవంగా చెబుతున్నారు. అన్న ఇప్పుడు తనే మేనేజరు, ఇంటర్వ్యూలు చేస్తున్నాడు. పోయిన వారం ఫోన్ చేశాడు.

“తమ్మీ, నిన్న అమీర్‌పేట కెల్లి ఒకడొచ్చిండు. వాని మేనేజరు మీటింగుల జామకాయ తింటడంట.”

సారు దగ్గరి నా కథ ఇన్నేళ్ళూ జిరాక్సు మీద జిరాక్సు అవుతూనే ఉందన్నమాట. “తీసుకున్నావా అన్నా?”

“అసలు ముచ్చట చెప్పుమన్న, చెప్పిండు. చూద్దాం. గానీ ముందుగాల ఆ మేనేజరెట్లున్నడని అడిగిన.”

“ఏమన్నాడు?”

“మంచిగున్నడంట. నా చేతుల పోయిన మనిషి గద తమ్మీ. జర నిమ్మళమైంది.”

ఆ సాయంత్రం పంజాగుట్టలో బండి దగ్గర ఒక జామకాయ కోయించుకుని, ఉప్పుకారం అద్దుకుని తింటూ, ఫోన్‌లో నా కొత్త నవల మొదటి పేజీ తెరిచాను. రెండో వాక్యంలో హీరో కిటికీ దగ్గరకు నడిచాడు. నమలడం ఆపాను.