చెరుకు తోటలో హాజరు

బడి ఎగ్గొట్టడంలో రేణుకమ్మను మించిన పిల్ల నిజామాబాద్‌లో పుట్టలేదు. అలాంటి పిల్ల చివరికి టీచరమ్మ అయిందంటే, దేవుడికి కూడా అప్పుడప్పుడు నవ్వుకోవాలనిపిస్తుందన్నమాట.

ఆమె తండ్రి లింబయ్య పసుపు మార్కెట్టు గంజ్‌లో దడ్వాయి. పొద్దంతా కాంటా ముందు నిలబడి బస్తాలు తూచేవాడు. తాను వేలిముద్ర మనిషే గానీ, కూతురు మాత్రం ఆడపిల్లల పెద్దబడిలో మెట్రిక్ దాకా చదవాలని పంతం పట్టాడు. 1956లో, తెలంగాణ ఆంధ్రతో కలిసి కొత్త రాష్ట్రం అయిన ఏడాదే, ఆమెను ఆరో తరగతిలో చేర్పించాడు. రాష్ట్రాలు కలిశాయి గానీ రేణుకకూ లెక్కల పుస్తకానికీ మాత్రం పొత్తు కుదరలేదు.

పొద్దున తొమ్మిది కొట్టేసరికి పిల్ల మాయం! వడ్ల గుమ్మిలో దూరేది, అటక ఎక్కేది, పక్కింటివాళ్ల కొట్టంలో గడ్డివాము వెనక నక్కేది. ఎక్కువసార్లు మాత్రం గంజ్‌కు పారిపోయి పసుపు బస్తాల సందులో ముడుచుకునేది.

ఆ రోజుల్లో ఆడపిల్లల బడికి ఒక ఆయమ్మ ఉండేది. గల్లీ గల్లీ తిరిగి, ఇంటింటి ముందు ఆగి, పిల్లల్ని పోగుచేసుకుని బడికి తీసుకురావడం, సాయంత్రం మళ్లీ ఎవరింట్లో వాళ్లను దించడం ఆమె పని. ఆడపిల్లను ఒంటరిగా గడప దాటనివ్వని ఇళ్లు కూడా ఆమె వెంట పంపేవి. ఆమె పేరు ముత్తవ్వ. ఉడుము పట్టు మనిషి. పిల్లకు జ్వరమని తల్లి అంటే "ఏదీ, నాలుక సూపియ్యుమను" అనేది. చుట్టాలొచ్చారంటే "రానీ, నేను సుత దండం పెట్టి పోత" అని అరుగు మీద కూర్చునేది. నీళ్లడిగేది, తర్వాత చాయ్ అడిగేది, ఆ తర్వాత ఆకూ వక్కా అడిగేది. ఈమెను సాగనంపాలంటే పిల్లను పంపడమొక్కటే దారి అని ఇంటివాళ్లకు తెలిసివచ్చేది.

అంతటి ముత్తవ్వకు రేణుక మూడు చెరువుల నీళ్లు తాగించింది. ఒకనాడు ముత్తవ్వ గంజ్ వాకిట్లో చిన్న చిన్న పచ్చటి పాదాల గుర్తులు చూసి, వాటి వెంబడే పోయి, బస్తాల సందులోంచి జడ పట్టి లాగింది.

"ఓ పొల్లా! పసుపుల పండుకుంటే పెండ్లిపిల్లవైతవ్ గని సదువుకున్నదానివి గావు. నడువ్!"

గంజ్‌లో హమాలీలంతా పగలబడి నవ్వారు. లింబయ్య ఒక్కడే నవ్వలేదు.

బడి గేటు దగ్గర ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు రాయడానికి వత్సలాబాయి నిలబడి ఉండేది. రేణుక కంటే రెండు తరగతులు పెద్దది, బడికంతా లీడర్. లంగా మడత నలగదు, రాసిన పేరు కొట్టెయ్యదు. ఆమె పుస్తకంలో రేణుక పేరు లేని రోజే లేదు.

రేణుక మారింది ఎనిమిదో తరగతిలో. అదీ ఎవరో బుద్ధి చెబితే కాదు. ముత్తవ్వకు చలిజ్వరం వచ్చి వారం రోజులు మంచం పట్టింది. మొదటిరోజు రేణుక పండుగ చేసుకుంది. మధ్యాహ్నం దాకా గుమ్మిలో కూర్చుంది. ఎవరూ రాలేదు. రెండోరోజు గంజ్‌కు పోయింది. ఎవరూ వెతకలేదు. వెతికేవాళ్లు లేకపోతే దాక్కోవడంలో ఏం రుచి? ఉప్పులేని పప్పు! మూడోరోజు విసుగెత్తి తానే బడికి పోతే, ముప్పైమంది ఉండే తరగతిలో ఐదుగురు కనిపించారు. మిగతావాళ్లంతా ఇళ్లలోనే ఉండిపోయారు. పిలిచే మనిషి ఒక్కతి రాకపోతే ఇంతమంది చదువు ఆగిపోతుందా అని రేణుక గుండె కలుక్కుమంది. మరునాడు పొద్దున్నే గల్లీలో బయలుదేరి, అరుగు అరుగునా కూర్చుని, నీళ్లడిగి, చాయ్ అడిగి, పదకొండుమందిని వెంటేసుకుని బడికొచ్చింది. వత్సలాబాయి పదకొండు పేర్లూ ఆలస్యంలో రాసింది. తర్వాత పన్నెండోది కూడా రాసింది, రేణుకది.

రేణుక మెట్రిక్ రెండోసారికి గట్టెక్కింది. ఆ బడి పిల్లలు తలో దారిన పోయారు. పక్క బెంచీ శారమ్మ బోధన్‌లో టెలిఫోన్ ఆపరేటర్ అయి, చెవులకు తీగలు తగిలించుకుని కూర్చుంది. వత్సలాబాయి హైదరాబాద్ పోయి డిగ్రీ మీద డిగ్రీ చేసి, బడులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌గా తిరిగొచ్చింది. రేణుక ట్రైనింగ్ పూర్తిచేసింది. 1965లో బోధన్ అవతల నీలంపల్లి అనే ఊళ్లో కొత్తగా పెట్టిన ఆడపిల్లల బడికి ఆమెను వేశారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుందని లింబయ్య గంజంతా చెప్పుకుని మురిసిపోయాడు.

నీలంపల్లి చుట్టూ చెరుకే. బడి అంటే ఒక రేకుల గది, ఒక కిటికీ, ఒక టీచరు. చక్కెర కార్ఖానా గానుగ మొదలైందంటే ఊళ్లో ఆడపిల్ల కనిపించదు. కోత కోసేవాళ్లకు సద్ది మోసేవాళ్లు కొందరు, తమ్ముళ్లను ఎత్తుకునేవాళ్లు కొందరు, ఏ పనీ లేక ఊరికే దాక్కునేవాళ్లు కొందరు. దాక్కునేవాళ్లను చూసి రేణుకమ్మకు నవ్వొచ్చేది. ఇది తాతకు దగ్గులు నేర్పడం కాదూ! ఏ గుమ్మి మూత కదిలిందో, ఏ గడ్డివాము వెనక కోళ్లు బెదిరాయో ఆమెకు చూడగానే తెలిసిపోయేది. చెవి పట్టుకుని లాగేది కాదు. పక్కనే తానూ కూర్చుని "జర జరుగు బిడ్డా, నాకు గూడ జాగియ్యి" అనేది. పిల్ల ఫక్కున నవ్వేది. అలా కాళ్లకు బలపం కట్టుకుని తిరిగి, మూడేళ్లలో ముప్పై తొమ్మిదిమందిని చేర్చింది.

కావలసింది నలభై. మూడేళ్లకు నలభైమంది లేకపోతే ఈ బడి ఎత్తేసి, కాలువ అవతలి ఊళ్లోని మగపిల్లల బడిలో కలిపేస్తామని మొదటే రాసి పంపారు. కాలువ దాటించి ఒక్క ఆడపిల్లను కూడా ఈ ఊరివాళ్లు పంపరని రేణుకమ్మకు తెలుసు. ఈ బడి పోతే ముప్పై తొమ్మిది పలకలూ అటకెక్కుతాయి.

ఆ ఒక్కతి కోసం ఆమె ఎక్కని గడప లేదు. మిగిలింది అంజవ్వ గడప. అంజవ్వ మనవరాలు పోశవ్వకు తొమ్మిదేళ్లు, రెండు మేకలు కాస్తుంది. మనిషిని చూస్తే మేక వెనక నక్కుతుంది. నోరు విప్పగా ఎవరూ వినలేదు. రేణుకమ్మ పోయి అరుగు మీద కూర్చుని నీళ్లడిగింది. అంజవ్వ ఇచ్చింది. చాయ్ అడిగింది. అదీ ఇచ్చింది.

"ఊకె కూసుంటవేంది టీచరమ్మా, గీ చింతపండుల గింజలు తియ్యరాదు?"

మూడు సాయంత్రాలు రేణుకమ్మ చింతగింజలు తీసింది. మూడోరోజు అంజవ్వ గంప ఎత్తి పెట్టుకుని చల్లగా చెప్పింది: "పొల్లను పంపితె మ్యాకలెవలు గాస్తరు, నువ్వు గాస్తవా?" ముత్తవ్వ విద్య పారని ఇల్లు అదొక్కటే.

అంతలో శారమ్మ టెలిఫోన్ తీగల్లో విని బస్సు కండక్టర్‌తో కబురంపింది: బేస్తవారం నాడు ఇన్‌స్పెక్షన్, వచ్చేది వత్సలాబాయి. రేణుకమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి.

బేస్తవారం పొద్దున ముప్పై తొమ్మిదిమందికీ తలలు దువ్వి, వరసగా కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, ఎదురెళ్లడానికి కాలువ వంతెన దాకా నడిచింది. వత్సలాబాయి జీపులో వచ్చింది. జీపును చూడగానే రేణుకమ్మ బడి వైపు తిరిగి చూసింది. బ్లాకు ఆఫీసుకు ఉన్నది ఆ ఒక్క జీపే. పదిరోజుల కింద అదే జీపులో మశూచి రాకుండా దేవి టీకాలు వేసేవాళ్లు వచ్చి, పిల్లల జబ్బలు పట్టుకుని గీరి పోయారు. ఆ ఏడుపులు ఊరింకా మరిచిపోలేదు.

వాళ్లు బడికి చేరేసరికి గదిలో ముప్పై తొమ్మిది పలకలు ఉన్నాయి. పిల్ల ఒక్కతీ లేదు.

పంచాయతీ మెంబరు ఆశన్న తలపాగా తీసి తల గోక్కున్నాడు. "తప్పు నాదే టీచరమ్మా. చెరుకు బండి మీదికెల్లి జీపును జూసి, టీకాలోళ్లొచ్చిండ్రని నేనే ఒర్లిన. ముసలోళ్లంత ఉరికొచ్చి పొల్లగాండ్లను చెరుకుల తోలిండ్రు."

బడి వెనక నుంచే మనిషెత్తు చెరుకు మొదలవుతుంది. గట్టు మీద అవ్వలంతా కోటకు కాపలా ఉన్నట్టు వరసగా నిలబడ్డారు. అందరికంటే ముందు అంజవ్వ.

"అందరూ అందులోనేనా?" అంది వత్సలాబాయి.

"అందరు," అంది రేణుకమ్మ.

"నువ్వు చెప్పే బడిలో పిల్లలు దాక్కోక ఏం చేస్తరు!" అని నిట్టూర్చి వాచీ చూసుకుంది. "పన్నెండింటికి జీపు వెనక్కి పంపాలి. బడి ఖాళీగా ఉంటే ఖాళీ అనే రాస్త రేణుకా. అబద్ధం రాయలేను."

ఆశన్న చెరుకులోకి చూసి గొంతు చించుకున్నాడు. "సూదుల్లేవ్, రాండ్రి బిడ్డా!" లోపల ఆకులు గలగలమన్నాయి. పిల్లలు ఇంకా లోపలికి పోయారు.

"అట్ల పిలువకు అన్నా," అంది రేణుకమ్మ. "టీకాలోళ్లు గూడ సూదుల్లేవనే చెప్పిండ్రు."

దాక్కున్న పిల్లకు పిలుపు వింటే భయమెక్కువవుతుందని ఆమెకు తెలియనిదా? భయం పుట్టించని మాట ఏదైనా వినిపించాలి. గదిలోకి పోయి రిజిష్టర్ తెచ్చింది. గట్టు మీద నిలబడి, ఏమీ జరగనట్టు, రోజూ పొద్దున చదివే రాగంలోనే మొదలుపెట్టింది.

"ఒకటి. హన్మవ్వా!"

చప్పుడు లేదు. వత్సలాబాయి ముఖం చూడడానికి రేణుకమ్మకు ధైర్యం చాలలేదు. మళ్లీ అదే రాగంలో "హన్మవ్వా!" అంది.

"హాజర్ టీచరమ్మా," అంది చెరుకు. వెంటనే "ష్, నోర్ముయ్యే!" అని ఇంకో గొంతు.

"రెండు. గంగామణీ!"

"హాజర్ టీచరమ్మా!" ఆ నోర్ముయ్యమన్న గొంతే ఇది. గట్టు మీద ఒక అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇక ఆగలేదు. కుడివైపు నుంచి లసుంబాయి పలికింది, ఎడమవైపు నుంచి సాయవ్వ పలికింది. ఎవరి వంతు పోతుందోనని ఎవరికి వాళ్లే ఆత్రపడ్డారు. వత్సలాబాయి పెన్ను తీసి ఒక్కో గొంతుకూ ఒక్కో గీత గీసింది. పదిహేడో పేరు దగ్గర చెయ్యెత్తింది.

"ఆగు. ఈ గొంతు ఇంతకుముందు విన్న. నర్సవ్వ ఏది?"

"నర్సవ్వకు సిగ్గయితుంది మేడం, నేను చెప్పిన!" అంది సాయవ్వ లోపల్నుంచే. నర్సవ్వను గిల్లినట్టున్నారు. కీచుమని "హాజర్!" వచ్చింది. అవ్వలంతా గొల్లుమన్నారు. వత్సలాబాయి పెదవులు కూడా వణికాయి గానీ ఆపుకుంది.

ముప్పై తొమ్మిది పేర్లూ పలికాయి. రేణుకమ్మ రిజిష్టర్ మూయలేక చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ముప్పై తొమ్మిది," అంది వత్సలాబాయి. "రూలు నేను రాయలేదు రేణుకా. ఇట్లాంటి బడిని ఎత్తెయ్యమని రాయడానికి నాకు చెయ్యి రావట్లేదు. కానీ ఒక్కటి తక్కువుంది."

రేణుకమ్మకు మూడేళ్లు తిరిగిన గడపలన్నీ గుర్తొచ్చాయి. ఇంతదాకా వచ్చి ఒక్క పిల్ల దగ్గర ఓడిపోవడమా అని ఏడుపు తన్నుకొచ్చింది. "అయితే అయింది తియ్ అక్కా" అంది. మేడం అనడం కూడా మరిచిపోయింది.

అప్పుడు చెరుకులోంచి ఇంకో గొంతు వచ్చింది. సన్నగా ఉంది, కోపంగా ఉంది. ఆ గొంతు అక్కడ ఎవరికీ తెలియదు.

"టీచరమ్మా! నన్ను పిల్వవా?"

"ఎవలే?"

"పోశవ్వను. రోజు కిటికి కాడ నిలవడి ఇంట. హన్మవ్వకెల్లి లాస్టు దాక అందర్ని పిలుస్తవ్. నన్ను ఒక్కనాడు గూడ పిల్వవ్."

అంజవ్వ చప్పున చెరుకు వైపు తిరిగింది. టీకాల భయంతో మనవరాలిని చెరుకులోకి తోసింది తానే. రేణుకమ్మ రోజూ కిటికీలోంచి తొంగిచూసే మేకల్ని అదిలించింది గానీ, వాటి వెనక పిల్లను చూడలేదు! గుమ్ములు, గడ్డివాములు వెతికిన తాను కిటికీ అవతల చూడలేదని ఆమెకు సిగ్గేసింది.

వత్సలాబాయి అంజవ్వ వైపు తిరిగింది. "ఇంటి పెద్ద ఒప్పుకుంటే ఈరోజే రాసుకోవచ్చు. ఈరోజు రాసిన పేరు ఈరోజు లెక్కలోకే వస్తది. ఏమంటవు అవ్వా?"

"మరి మ్యాకలో?" అంది అంజవ్వ, అలవాటు కొద్దీ.

"మ్యాకలు గాన్నే మేస్తయ్ గాదే, బడికాడ!" అని చెరుకు లోపల్నుంచి అరిచింది పోశవ్వ.

అంజవ్వ నెత్తి కొట్టుకుంది. తర్వాత నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "రాస్కో తల్లీ, రాస్కో. ఇది మూగదనుకున్న. ఇంత నోరు ఏడ దాసిందో సూడు!"

రేణుకమ్మ నిలబడే పేరు రాసింది. అక్షరాలు వంకర పోయాయి. తర్వాత రోజూ పిలిచే రాగంలోనే పిలిచింది.

"నలభై. పోశవ్వా!"

"హాజర్ టీచరమ్మా!"

ఆకులు తోసుకుంటూ అందరికంటే ముందు పోశవ్వే బయటికొచ్చింది, చంకలో మేకపిల్లతో. వెనక ముప్పై తొమ్మిదిమంది. పోశవ్వ నేరుగా రిజిష్టర్ దగ్గరికి పోయి, "నాదేది?" అని అడిగింది. రేణుకమ్మ చూపించింది. మట్టి వేలితో పిల్ల ఆ పేరును గట్టిగా నొక్కింది. తడి సిరా చెదిరి, పేజీలో సగం దాకా నల్లగా పాకింది.

రాసిన కాగితం మీద చుక్క పడితే చించి మళ్లీ రాసే వత్సలాబాయి, ఆ మచ్చ కిందనే సంతకం పెట్టింది.