మెరుపును నమ్మని అప్పలనరసయ్య బావ

బెల్లం వర్తకులు, నాణేల సేకరణకర్త అప్పలనరసయ్య గారు దివంగతులయ్యారు. నేను అనకాపల్లి కూరల బజారులో ఉండగా వారి కొట్టులో బరువులు మోసే కలాసీ ఎదురొచ్చి, "బావగోరు పోయేరండి. తెల్లారే గుండె ఆగిపోయింది" అన్నాడు. సరేనన్నాను. తూకం వేయించిన వంకాయలు సంచిలో పోయించుకుని అప్పుడు వారింటికి నడిచాను. ఏడుపు రాలేదు, ఇప్పటికీ రావడం లేదు. వరసకు ఆయన నాకు బావ, నాణేల విద్యలో గురువు.

బెల్లం మార్కెట్లో ఆయన చూపే వేరు. పసిడి రంగులో మెరిసే దిమ్మ వస్తే పక్కన పెట్టించేవారు. "అంత మెరుపుందంటే మందు కలిపేడన్నమాటే" అనేవారు. నాణేల విషయంలోనూ అదే దృష్టి. మధ్యాహ్నం కొట్టు పని సద్దుమణిగాక కిటికీ పక్కన కూర్చుని, నాణేన్ని అంచుల మీదే పట్టుకుని, ఏటవాలు వెలుతురులో తిప్పేవారు. బొమ్మలోని కిరీటం మీది గీతలు ఎంత అరిగాయో చూసి దాని స్థితి నిర్ణయించేవారు. ఎవరైనా నాణెం ముఖం మీద వేలు ఆనించారో, ఇక ఆ పూట వాళ్లతో మాటల్లేవు.

ఒకసారి చీడికాడ ఊరి రైతు ఒకాయన తువ్వాలు కొంగున కట్టుకుని వెండి రూపాయి తెచ్చాడు. అది నకిలీ, అచ్చులో పోత పోసినప్పటి అతుకు అంచు మీద నాకు సైతం కనబడింది. బావ చాలాసేపు చూసి, "నా కాడున్నదానికి జత కుదర్లేదు మామా. నానైతే కొనను. ఎవులిచ్చేరేటి?" అన్నారు. "మా అయ్య దాసేడు." "అయితే అమ్మీకు. ఇంట్లోనే ఉండనీ." రైతు వెళ్లాక, నకిలీ అని ఎందుకు చెప్పలేదని అడిగాను. "రూపాయి సంగతి అడిగేడు, కొననని సెప్పేను. ఆళ్లయ్య సంగతి అడగలేదు కదా" అన్నారు. సత్యాన్నీ దయనూ ఒకే వాక్యంలో ఇమడ్చగల ఆ నేర్పు నాకు అబ్బలేదు.

తన సేకరణ మన ఊరి కాలేజీకి చేరాలని, పిల్లలు చూసి నేర్చుకోవాలని వారి అంతిమాభిలాష. ఒక్కో నాణెం స్థితిని పరీక్షించి రాసి ఇచ్చే పని నాకు ముందే అప్పగించారు. పెద్దకర్మ నాడు ఆ పని మీదే వారి భార్య రవణమ్మక్క నన్ను లోపలికి పిలిచింది. ఫొటో ముందు ఇత్తడి పళ్లెంలో నాణేలన్నీ ధగధగలాడుతున్నాయి.

"మీ బావ నన్ను ముట్టుకోనిచ్చీవోరు కాదు కదా. ఎంత నల్లగా ఉన్నాయనీ! కాలేజీకి అలాగెలా పంపుతాం? సింతపండెట్టి ఒక్కోటీ తోమేను తమ్ముడూ. బాగున్నాయా?"

వెండి మీదా రాగి మీదా దశాబ్దాలుగా కట్టే ఆ నల్లని పొరే నాణేనికి ప్రాణం. తోమితే పోయిన పొర మళ్లీ రాదు, దానితోపాటే విలువా పోతుంది. బావ ఈ సంగతి ఊరందరికీ చెప్పారు. ఇంట్లో మాత్రం "ముట్టుకోకు" అనడంతో సరిపెట్టారు.

ఒకటి తీసి వెలుతురు వైపు తిప్పాను. రాణి బొమ్మ నిండా తోమిన కొబ్బరి పీచు గీతలే. పులుపుకు అక్క వేళ్లు పాలిపోయి ఉన్నాయి.

"బాగున్నాయక్కా" అన్నాను. నాలో ఏమీ కదల్లేదు.

కాలేజీకి ఇంకా ఏమీ రాసివ్వలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే అక్క చెవిన పడుతుంది. మార్చి రాస్తే నేను ఆయన శిష్యుణ్ణి కాను. ఆ మహానుభావుడి స్మృతికి అంజలి ఘటించడానికి కూర్చుని కూడా దీని గురించే ఆలోచిస్తున్నాను. ఇన్నేళ్లూ ఏ చిక్కొచ్చినా ఆయన్నే అడిగేవాణ్ణి. ఆ అలవాటు కొద్దీ నిన్న సాయంత్రం ఫోను తీసి, 'బావ' అన్న పేరు నొక్కాను. అవతల మోగింది.

"సెప్పు తమ్ముడూ" అంది అక్క.