రెండు జార్జియాలు

టీవీలో మాట్లాడేవాడికి అన్నీ తెలుసని జనం నమ్మే రోజుల్లో నేను విదేశీ వార్తల విలేకరినయ్యాను. అలా నమ్మేవాళ్లలో నేనూ ఒకణ్ని కావడమే చిక్కు. హనుమకొండలో మాదొక చిన్న చానెల్. రాజకీయాలు, క్రైమ్, పత్తి మార్కెట్ సీనియర్లు పంచుకోగా ప్రపంచం మిగిలిపోయింది. "నువ్వు ఇంగ్లిష్ పేపర్ చదువుతవు గద, ఫారిన్ జూస్కో" అన్నారు మా ఎడిటర్ (మాకందరికీ పెద్దసారు). అప్పటికి నేను వెళ్లిన అతి దూరప్రాంతం మేడారం. మా అమ్మ మాత్రం, సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లతో "మా పిలగాడు ఫారిన్ అఫైర్స్ నడుపుతాండు" అని గర్వంగా చెప్పింది. వాళ్లు చాయ్ సగంలోనే లేచి వెళ్లిపోయారు.

ఒకరోజు పొద్దున బులెటిన్‌లో, జార్జియాలో తుఫాను వచ్చిందని, ఇళ్ల పైకప్పులు లేచిపోయాయని వార్త చదివాను. జార్జియా అంటే అమెరికాలో ఒక రాష్ట్రమని నాకు తెలుసు. నాకు తెలిసింది అంతే. మధ్యాహ్నానికి నర్సంపేట నుంచి ఒక పత్తి రైతు వెతుక్కుంటూ వచ్చాడు. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ, "సారూ, జార్జియా ముచ్చట జెప్పింది నువ్వేనా?" అనడిగాడు. నేనే కాకా అన్నాను. "నా బిడ్డ ఆడ్నే డాక్టరు సదువుతాంది. ఫోన్ జేస్తే, ఎండ గొడుతాంది బాపూ, బట్టలారేసిన అంటది. నాకు భయమైతదని దాస్తాంది. సదువు పోతె పాయె, మనిషి దక్కాలె. వచ్చెయ్యమన్న." ధైర్యం చెబుదామని, అమెరికాలో ఏర్పాట్లు బాగుంటాయి, ఫికర్ చెయ్యకు అన్నాను. ఆయన తువ్వాలతో తుడుచుకోవడం ఆపాడు. "అమెరికానా? రష్యా పక్కపొంటి దేశమన్నడు గద ఏజెంటు. మమ్ముల మోసం జేసి అమెరికా తోల్కపోయిండా?"

నిజం చెప్పాలంటే, నేనూ అదే అనుకున్నాను. పిల్లల్ని ఒక దేశమని చెప్పి ఇంకో దేశంలో దింపేస్తున్నారు, ఎంత పెద్ద స్టోరీ అని చెమటలు పట్టాయి. ఇద్దరం కలిసి ఆ అమ్మాయికి వీడియో కాల్ చేశాం. అంతా విని ఆ పిల్ల నెత్తి కొట్టుకుంది. తర్వాత, "సర్, మీరు చెప్పింది అమెరికాలో రాష్ట్రం. నేనుండేది దేశం. పేరొక్కటే" అంది. ఫోన్ కిటికీ వైపు తిప్పింది. తీగ మీద బట్టలు, వాటి మీద మంచి ఎండ. తండ్రి కళ్లు చిట్లించి చాలాసేపు చూసి, "ఇది నిన్నటి ఎండ గావచ్చు" అన్నాడు. పిల్ల ఫోన్ మళ్లీ తనవైపు తిప్పుకుంది. "వచ్చే నెల ఫైనల్ పరీక్షలు సర్. మా బాపు నా మాట ఇంటలేడు. మీరన్నా జర టీవీల చెప్పున్రి."

పెద్దసారు దగ్గరికెళ్లి, జార్జియాలు రెండున్నాయి, సవరణ చదువుతానన్నాను. "రెండున్నయా?" అని ఆయన ఫోన్‌లో వెతికి, కొంతసేపు దిగులుగా కూర్చున్నారు. "చదువు. ఇంకేం దేశాలు రెండేసి ఉన్నయో గూడ చూసి పెట్టుకో" అన్నారు.

సాయంత్రం బులెటిన్‌లో చెప్పాను. తుఫాను వచ్చింది అమెరికాలోని జార్జియాలో. మన పిల్లలు డాక్టరీ చదివే జార్జియా దేశంలో వాతావరణం ప్రశాంతంగా ఉంది, ఎండ కాస్తోంది. ఆ రైతు బయట గదిలో టీవీ ముందు కూర్చున్నాడు. స్టూడియో అద్దం అవతల పది అడుగుల్లో నేనున్నా ఒక్కసారీ నా వైపు చూడలేదు, తెర వైపే చూశాడు. నేను బయటికొచ్చేసరికి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "ఉండు బిడ్డా, రాకు. మంచిగ సదువుకో. ఏం లేదట, టీవీల జెప్పిన్రు."

ఆ అమ్మాయి ఇప్పుడు నర్సంపేటలోనే ఒక దవాఖానాలో పనిచేస్తోంది. నేను హైదరాబాదులో పెద్ద చానెల్‌కు మారాను. వెనకాల ప్రపంచ పటం పెట్టుకుని యుద్ధాల గురించి, ఒప్పందాల గురించి గంటలకొద్దీ మాట్లాడతాను (సగం దేశాలు ఇప్పటికీ నా బుర్రలో కలిసిపోతుంటాయి). ఎవరు వింటున్నారో తెలియదు. ఎక్కడో ఎండ కాస్తోందని చెప్పడానికి అంత హైరానా పడిన ఆనాటి నాలోని కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. కానీ ఎవరి కోసం వార్త చదువుతున్నాడో వాడికి ఆ సాయంత్రం తెలుసు.